బ్రొజ్జీని గారి అర మిల్లీమీటరు

ఓరెస్తె బ్రొజ్జీని గారికి ఈ సృష్టిలో ఏది చూసినా తప్పు కనబడుతుంది. అంతటితో ఆగదు, ఆ తప్పు ఎన్ని మిల్లీమీటర్లో కూడా కనబడుతుంది. మిగతా మగాళ్లు కోటు పైజేబులో పెన్ను పెట్టుకునే చోట ఆయన మందం కొలిచే కాలిపర్స్ పెట్టుకుంటాడు. పెళ్లికి వెళ్లినా అంతే, చావుకి వెళ్లినా అంతే. మా పాత ఫాదరీ గారు పోయినప్పుడు శవపేటిక మూత ఎడమ వైపు రెండు మిల్లీమీటర్లు లేచి ఉందని వడ్రంగిని పిలిపించి, అది సరి చేయించాకే మోసేవాళ్లను కదలనిచ్చాడు.

ఉద్యోగం కూడా దేవుడు ఆయనకు తగ్గదే ఇచ్చాడు. ముప్పై నాలుగేళ్లు తూనికలు, కొలతల ఇన్‌స్పెక్టరు. ఆయన సైకిలు బెల్లు వినబడితే వరేజె సరస్సు చుట్టూ ఉన్న మాంసం కొట్ల వాళ్లందరూ త్రాసు ముందు నిలబడి సిలువ గుర్తు వేసుకునేవారు. రిటైరయ్యాక తప్పు పట్టడానికి త్రాసులు దొరక్క మా క్లబ్బులో చేరాడు. అది మా ఖర్మ.

మాది విమానాల నమూనాలు చేసేవాళ్ల క్లబ్బు. యుద్ధకాలంలో ఈ సరస్సు ఒడ్డునే యుద్ధ విమానాలు తయారయ్యాయి గనక మా ఊళ్లో ఈ పిచ్చి కాస్త ఎక్కువ. ప్రతి గురువారం సాయంత్రం ఎర్సీలియా తలమోనా గారి కాఫీ బారు పైగదిలో పన్నెండు మందిమి చేరి, జిగురు వాసన పీలుస్తూ, ఉప్పుకాగితంతో ప్లాస్టిక్ ముక్కలు రుద్దుకుంటూ కూర్చుంటాం. నా పేరు తార్చీజియో. ఊళ్లో మందుల షాపు నాది, క్లబ్బుకు కార్యదర్శిని నేనే. అంటే గొడవలు సర్దేది నేను, మినిట్స్ రాసేది నేను.

బ్రొజ్జీని గారు చేరిన మొదటి గురువారమే అందరి బల్లల దగ్గరికీ వెళ్లి అందరి విమానాలూ కొలిచాడు. నా దగ్గర ఆగి, "చక్రం తప్పు. అర మిల్లీమీటరు లావు," అన్నాడు.

"అర మిల్లీమీటరే కదండీ," అన్నాను.

"నిజం విమానం మీద అది రెండున్నర సెంటీమీటర్లవుతుంది. రెండున్నర సెంటీమీటర్లు పొడుగు చొక్కా తొడుక్కుంటారా మీరు?"

తొడుక్కుంటాను. ఆ మాటకొస్తే ఆ రోజు అలాంటిదే తొడుక్కున్నాను. ఆయన దాన్ని కూడా కొలుస్తాడేమోనని నోరు మూసుకున్నాను.

మా అందరిలో ఎక్కువ అవమానపడ్డవాడు పళ్ల డాక్టరు జాన్జీ. కొత్తగా చేరిన ఉత్సాహంలో ఆయన మక్కి 202 కిట్టు ఒకటి కొని నెల తిరక్కుండా పూర్తి చేసి తెచ్చాడు. మక్కి 202 అంటే మా సరస్సు బిడ్డ. 'పిడుగు' అని దానికి ముద్దు పేరు. బ్రొజ్జీని గారు కాలిపర్స్ రెక్కలకు పెట్టి చూసి, రెండోసారి చూసి, నెమ్మదిగా టోపీ తీశాడు.

"ఏం చేశారు డాక్టరు గారూ?"

"కిట్టులో లోపం ఉందండీ. ఎడమ రెక్క నాలుగు మిల్లీమీటర్లు పొడుగొచ్చింది. రుద్ది రుద్ది రెండూ సమానం చేశాను, చూశారా!"

ఆ విమానానికి ఎడమ రెక్క నిజంగానే పొడుగు. ముక్కు మీది పంకా తిరిగే జోరుకి విమానం ఎడమకు ఒరిగిపోకుండా ఉండాలని ఆ రెక్కను కావాలనే ఇరవై సెంటీమీటర్లు పొడుగు చేశారు. ఈ సంగతి మా ఊళ్లో చంటిపిల్లలకు కూడా తెలుసు. డాక్టరు పాపం పావీయా నుంచి వచ్చినవాడు.

"మీ దగ్గరికొచ్చిన మనిషికి కోరపన్ను పొడుగుందని రుద్దేస్తారా?" అని అడిగాడు బ్రొజ్జీని.

"అవసరమైతే రుద్దేస్తాను."

"అందుకే నేను పళ్లు నోవారాలో చూపించుకుంటాను."

ఇంతమంది విమానాలకు వంకలు పెట్టే పెద్దమనిషి తాను చేసిన విమానం ఏదీ అంటే, అదీ మక్కి 202నే. నలభై ఎనిమిదో వంతు సైజులో చేస్తున్నాడు. మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. కాక్‌పిట్ లోపల పైలట్ బెల్టు బకిల్ పన్నెండు సార్లు చేసి పన్నెండు సార్లు పారేశాడు. నేను ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను.

"ఏమండీ, ఫ్యాక్టరీ వాళ్లు యుద్ధం మధ్యలో, నెత్తిన బాంబులు పడుతుంటే, ఇలాంటివి వందలకొద్దీ చేశారు. మీకు ఒక్కదానికి తొమ్మిదేళ్లా?"

"వాళ్లు తొందరపడ్డారు," అన్నాడు.

ఇదంతా నవ్వులాటే. కానీ ఎర్సీలియా గారి విషయంలో మాత్రం ఆయన మీద నాకు నిజంగా కోపం వచ్చింది.

ఎర్సీలియా గారికి డెబ్భై నాలుగేళ్లు. కింద బారు ఆవిడదే. ఎడంచేతి వాటం మనిషి కాబట్టి ఆవిడ అందించే కాఫీ కప్పు చెవి ఎప్పుడూ తాగేవాడి ఎడమ వైపు తిరిగి ఉంటుంది. బ్రొజ్జీని గారు ప్రతి కప్పునూ కుడి వైపుకు తిప్పుకుని, "తప్పు," అని గొణిగి తాగుతాడు. ఆవిడ యుద్ధంలో, పద్దెనిమిదేళ్ల పిల్లగా, ఆ ఫ్యాక్టరీలో విమానాలకు రంగు వేశానని చెబుతుంది. ఇసుక రంగు ఒంటి మీద పొగ చుట్టల్లా ఆకుపచ్చ వలయాలు ఉంటాయి చూడండి, అవి వేసింది తానేనంటుంది. ఇంట్లో ఎవరూ నమ్మరు. "అత్తయ్యా, మీరు రంగు వేశారా, పైలట్లకి పోలెంటా వండారా?" అని అల్లుడు పండగ భోజనాల దగ్గర వేళాకోళం చేస్తాడు.

నాలుగేళ్ల కింద మునిసిపాలిటీ వాళ్లు ఫ్యాక్టరీలో పనిచేసిన అందరి పేర్లతో సరస్సు ఒడ్డున ఒక రాతి ఫలకం పెడదామనుకున్నారు. ఎర్సీలియా గారు మంచి కోటు వేసుకుని వెళ్లి దరఖాస్తు ఇచ్చింది. రంగుల షెడ్డు రిజిస్టరు బాంబుదాడిలో కాలిపోయింది. 'ఆధారం జతపరచగలరు' అని దరఖాస్తు తిరిగొచ్చింది. ఆవిడ ఆ కాగితం మడిచి గల్లాపెట్టె కింద పెట్టింది. ఆ రోజు ఎవరి కాఫీలోనూ చక్కెర సరిగ్గా పడలేదు.

మనిషన్నవాడు అలాంటప్పుడు ఏం చేస్తాడు? ఓదారుస్తాడు. బ్రొజ్జీని గారు స్టూలు లాక్కుని ఆవిడ ముందు కూర్చుని నోటుబుక్కు తీశాడు.

"స్ప్రే గన్ను ఏ చేత్తో పట్టుకున్నారు?"

"ఎడంచేత్తో. నా కుడిచెయ్యి జుట్టు వెనక్కి తోసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు."

"వలయం ఎక్కడ మొదలుపెట్టేవారు?"

"పైన."

"పైన అంటే కాదు. గడియారం అనుకుని చెప్పండి."

"పదకొండు దగ్గర. ఇటు తిప్పుకొచ్చి మళ్లీ అక్కడే కలిపేదాన్ని. కలిపిన చోట రంగు కాస్త ముద్దగా పడేది."

"మిగతా పిల్లలు?"

"వాళ్లు కుడిచేతి వాళ్లు. అటు తిప్పుకొచ్చేవాళ్లు, ముద్ద ఒంటిగంట దగ్గర పడేది. మేస్త్రీ నన్ను రోజూ తిట్టేవాడు, నీ వలయాలు వెనక్కి నడుస్తున్నాయే అని. షెడ్డు మొత్తానికి ఎడంచెయ్యి నా ఒక్కదానిదే."

"ఆధారం?" అన్నాడు బ్రొజ్జీని.

తడిగుడ్డ గాల్లో ఎగిరొచ్చి ఆయన నోటుబుక్కు మీద పడింది. "మీ అమ్మ మిమ్మల్ని కన్నదానికి ఆధారం ఉందా ఇన్‌స్పెక్టరు గారూ?"

"ఉంది. మునిసిపల్ రిజిస్టరు, నూట పద్నాలుగో పేజీ."

పైగా ఆవిడ చెప్పిందంతా తేదీ వేసి క్లబ్బు మినిట్స్‌లో రాయమని నన్ను సతాయించాడు. తిట్టుకుంటూనే రాశాను. ప్రతి గురువారం ఇదే తంతు. గొట్టం పొడుగెంత, విమానానికి మీరెంత దూరం, ఎక్కింది స్టూలా నిచ్చెనా, ఏ పక్కన నిలబడ్డారు. ఎడమ పక్క తనదనీ, కుడి పక్క లుయిజినా అనే పిల్లదనీ ఆవిడ విసుక్కుంటూ చెప్పేది. చివరికి ఆయన, "ఆధారం?" అనేవాడు. ఒకరోజు మెట్ల మీద పట్టుకుని కడిగేశాను.

"ముసలావిణ్ణి ఎందుకండీ అలా వేపుకు తింటారు?"

"ముసలావిడేమిటి? ఆవిడ సాక్షి," అని దిగి వెళ్లిపోయాడు.

ఆ చలికాలమే ఆయనకు కొత్త జబ్బు మొదలైంది. కుడిచెయ్యి వాడడం మానేశాడు. ఎడంచేత్తో కాఫీ ఎత్తి టైకి తాగించేవాడు. రిసొట్టో చెంచాతో చెవి దాకా వెళ్లి నోరెక్కడుందో వెతుక్కునేవాడు. హాజరు పట్టీలో ఆయన సంతకం కోడి గెలికినట్టు తయారైంది. నేనూ పళ్ల డాక్టరూ గుసగుసలాడుకున్నాం. "పక్షవాతం," అన్నాడు డాక్టరు. "మీరు పళ్లు చూసుకోండి," అన్నాను గానీ నాకూ భయమేసింది. బతిమాలి నరాల డాక్టరు దగ్గరికి పంపాం. 'కుడిచెయ్యి దివ్యంగా ఉన్నది' అని సర్టిఫికెట్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు, ఎడంచేత్తో. పెడుతూ పెడుతూ నా కొత్త విమానం తోక విరగ్గొట్టాడు.

నాలుగేళ్లు ఇలా గడిచాయి. ఫలకం ముందు పూర్తవుతుందా, బ్రొజ్జీని విమానం ముందు పూర్తవుతుందా అని ఊళ్లో నవ్వుకునేవారు. ఎలాగైతేనేం, ఈ అక్టోబరులో రెండూ ఒకేసారి గట్టెక్కాయి. పేర్ల పట్టీ సోమవారం రాయి చెక్కేవాడికి వెళ్లిపోతుందని మునిసిపాలిటీ ప్రకటించింది. దానికి ముందురోజు ఆదివారం చర్చి హాల్లో మా వార్షిక ప్రదర్శన, బయటి క్లబ్బులతో కప్పు కోసం పోటీ. బ్రొజ్జీని గారు తన మక్కిని ఒక చెక్కపెట్టెలో, బస్సులో ఒళ్లో పెట్టుకుని, కదలనైనా కదలకుండా తెచ్చాడు.

పెట్టె తెరిచాడు. నేను నలభై ఏళ్లుగా ఇలాంటివి చూస్తున్నాను. ఇలాంటిది మాత్రం చూడలేదు. జానెడుంటుంది, అంతే. ఇసుక రంగు మీద ఆకుపచ్చ వలయాలు, అంచులు నిజంగా గాలితో ఊదినట్టు మసకమసకగా ఉన్నాయి. ఎగ్జాస్టు గొట్టాల వెనక మసి. రెక్క మొదట్లో మెకానిక్కు బూటు అరిగించిన జాడ. ఇంజను స్టార్టవుతుందేమోనని పళ్ల డాక్టరు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎర్సీలియా గారూ, మీరు కూడా రావాలి," అని బ్రొజ్జీని గారు ముందే బలవంతం చేసి ఆవిణ్ణి రప్పించాడు. ఆవిడ మంచి కోటు వేసుకుని, మొహం ముడుచుకుని, చివరి వరసలో అల్లుడి పక్కన కూర్చుంది. మేయరు తరఫున మునిసిపల్ అధికారిణి ఆంబ్రొజెత్తి గారు వచ్చింది, సంచిలో ఆ పేర్ల పట్టీతో సహా.

న్యాయనిర్ణేత బేర్గమో నుంచి వచ్చిన గెరార్ది. యుద్ధ విమానాల రంగుల మీద మూడు లావుపాటి పుస్తకాలు రాసినవాడు. ఆయన అవునంటే అవును, కాదంటే కాదు. మార్కుల కాగితం పట్టుకుని, భూతద్దంతో మక్కి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. మేం ఆయన వెనకే తిరిగాం. పదిహేనేళ్లుగా కప్పు మాకు రాలేదు.

"అద్భుతం," అన్నాడు గెరార్ది. తరవాత వంగాడు. "కానీ, తప్పు."

హాల్లో కలకలం రేగింది. బ్రొజ్జీనికి తప్పు! ఇన్నేళ్లూ ఆయన చేత తప్పనిపించుకున్నవాళ్లందరం, అబద్ధమెందుకు, లోలోపల కొంచెం సంబరపడ్డాం.

"ఎక్కడ?" అన్నాడు బ్రొజ్జీని.

"ఈ ఎడమ పక్క వలయాలు. కలిసిన చోట ముద్ద పదకొండు గంటల దగ్గర పడింది. కుడి పక్క సరిగ్గా ఒంటిగంట దగ్గరే ఉంది. ఒకే విమానం మీద రెండు రకాలా? నాలుగు మార్కులు తీసేస్తున్నాను."

"అలా పడిందంటే ఏమిటర్థం?"

"ఏముంది, వేసినవాడిది ఎడంచేతి వాటం. కుడిచేతివాడు చచ్చినా అలా వెయ్యలేడు."

"మరొక్కసారి అనండి. గట్టిగా. ఆంబ్రొజెత్తి గారూ, కాస్త ఇటు రండమ్మా, వినండి."

గెరార్దికి ఒళ్లు మండింది. "వేసింది ఎడంచేతి మనిషి! మీరు ఎడంచేతివారు, అందుకని పొరబడ్డారు. ఒప్పుకుంటే పోయేదేముంది?"

"నేను కుడిచేతివాణ్ణి," అని బ్రొజ్జీని గారు నరాల డాక్టరు సర్టిఫికెట్ తీసి చూపించాడు. "ఈ వలయాలు వెయ్యడం కోసం నాలుగేళ్లు ఎడంచెయ్యి నేర్చుకున్నాను. కాఫీ తాగడం దగ్గర్నుంచి మొదలుపెట్టాను. నా టైలే సాక్ష్యం."

ఇంకో జేబులోంచి ఒక పాత ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. ఒక మెకానిక్కు విమానానికి ఆనుకుని సిగరెట్టు కాలుస్తున్నాడు. అతని తల పక్కన, విమానం ఎడమ వైపు ఒంటి మీద, మూడు వలయాలు. పోయిన వసంతంలో పాత సామాన్ల సంతలో ఎవరో చనిపోయిన సైనికుడి ఆల్బంలో దొరికిందట. గెరార్ది భూతద్దం పెట్టాడు. చాలాసేపు పెట్టాడు.

"పదకొండు," అన్నాడు చివరికి. "మూడూ పదకొండే. నేను ఈ ఫొటో ఎప్పుడూ చూడలేదు. అయితే ఆ షెడ్డులో ఒక ఎడంచేతివాడు ఉన్నాడన్నమాట!"

"ఎడంచేతి ఆవిడ," అన్నాడు బ్రొజ్జీని. "ఫొటో దొరకడానికి మూడేళ్ల ముందే ఆవిడ చెప్పిన మాటలు క్లబ్బు మినిట్స్‌లో ఉన్నాయి, తేదీతో సహా. తార్చీజియో, చదవండి."

చదివాను. నా దస్తూరీలో ఉన్న మాటలే నాకు సరిగ్గా కనబడలేదు. ఆయన్ని మెట్ల మీద కడిగేసిన సంగతి గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను.

"మరి ఫొటో ఒక్కటే చూపిస్తే సరిపోయేది కదయ్యా, ఇంత నాటకం ఎందుకు?" అన్నాడు గెరార్ది.

"ఫొటో చూపిస్తే మసగ్గా ఉందనేవారు. మనలాంటివాళ్లకి తప్పు చూపిస్తేనే కళ్లు తెరుచుకుంటాయి. నాకు తెలుసు, నేనూ అదే రకం."

అందరం చివరి వరస వైపు తిరిగాం. ఎర్సీలియా గారు లేచి, కోటు విప్పి అల్లుడి చేతికిచ్చి, చేతులు పైకి మడుచుకుంటూ ముందుకొచ్చింది. పళ్ల డాక్టరు ఉరికి తన ఎయిర్ బ్రష్‌లో ఆకుపచ్చ పోసి ఇచ్చాడు.

"ఇదేమిటిది, సెంటు సీసానా?" అని ఆవిడ దాన్ని ఎడంచేత్తో పట్టుకుంది. గోడకు ఆనించిన అట్ట ముందు నిలబడి, కుడిచేత్తో జుట్టు వెనక్కి తోసుకుని, ఒక్కసారి ఊపిరి తీసుకుంది. చెయ్యి పైనుంచి బయల్దేరి గుండ్రంగా తిరిగొచ్చి అక్కడే ఆగింది. యాభై ఆరేళ్ల తరవాత వేసిన వలయం. గెరార్ది వెళ్లి చూసి, "పదకొండు," అని టోపీ తీశాడు.

హాలు పైకప్పు లేచిపోయింది. బేర్గమో క్లబ్బు వాళ్లు కూడా బల్లలు చరిచారు. అల్లుడు అత్తగారి కోటు పట్టుకుని, అందరికన్నా గట్టిగా, "మా అత్తయ్య! మా అత్తయ్య!" అని అరిచాడు. ఆ గోలలోనే గెరార్ది నాలుగు మార్కులు తిరిగి వేశాడు, కప్పు మాకే వచ్చింది. దాని మీద ఎవరో గొడుగు తగిలించారు.

ఆంబ్రొజెత్తి గారు సంచిలోంచి పేర్ల పట్టీ తీసి, పెన్ను మూత తీసింది. "మీ పేరు రాస్తున్నాను ఎర్సీలియా గారూ."

"ఆగమ్మా. ముందు లుయిజినా బ్రూజా అని రాయి. కుడి పక్క దానిదే, తప్పంటే ఊరుకోను. గొట్టం మోసింది పీనా కాస్తిల్యోని. రంగు కలిపింది ఆన్యేజె, ఘిరింగెల్లి వాళ్ల పిల్ల, దగ్గుతూ దగ్గుతూనే కలిపేది. నిచ్చెన పట్టుకున్నది మార్తినోని అక్కాచెల్లెళ్లిద్దరూ, చిన్నదాని పేరు తర్సిల్లా, పెద్దది రోజా. ఆ తరవాత రాయి నా పేరు."

ఆంబ్రొజెత్తి గారి పెన్ను ఆగింది. పాపం, ఆవిడ తప్పేం లేదు, రూలు అలాంటిది. "మీకైతే ఇప్పుడు దొరికింది. మరి వీళ్లందరికీ... ఆధారం?"

ఆ మాటకు ఊళ్లో హక్కుదారు ఒక్కడే. అందరం బ్రొజ్జీని గారి వైపు చూశాం. ఆయన కాలిపర్స్ పైజేబులో లోపలికి నెట్టుకున్నాడు.

"రాయండమ్మా," అన్నాడు. "ఆవిడ చెబుతోంది కదా."

రాసింది. పట్టీలో చోటు చాలకపోతే గెరార్ది తన మార్కుల కాగితం తిరగేసి ఇచ్చాడు. మిగతా పేర్లు దాని వెనక రాశారు.